సాబిరా గారు వెనక్కి తీసుకున్న పాఠం

పంతొమ్మిది వందల తొంభై ఆరో సంవత్సరం ఆగస్టు పంతొమ్మిదో తేదీ సోమవారం ఉదయం, తాడేపల్లిగూడెంలోని మన నర్సింగ్ కళాశాలలో ట్యూటరుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి సాబిరా గారు, మూడు దశాబ్దాలకు చేరువైన నిర్విరామ సేవానంతరం, వైస్ ప్రిన్సిపాల్ హోదాలో ఈ జనవరి ముప్ఫై ఒకటిన పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సందర్భంగా వెలువడుతున్న సంచికలో వారిని గురించి రాసే గౌరవం, రోగికి సూది గుచ్చడం సంగతి అటుంచి, కనీసం నాడి చూడడమైనా తెలియని నాకు దక్కింది. గత ఐదారేళ్లుగా వారి పాఠాలన్నీ నేను చూసుకునే కంప్యూటర్ ల్యాబు తెరల మీదుగానే విద్యార్థినులకు చేరాయి గనుక, ఈ బాధ్యత నాకు అప్పగించి ఉంటారని భావిస్తున్నాను.

ఏలూరు తంగెళ్లమూడిలో తివాచీలు నేసే ఖలీద్ గారి పెద్ద కుమార్తెగా జన్మించిన సాబిరా గారు, హైస్కూల్లో ఉండగానే తల్లిని పోగొట్టుకుని, ఇంకా నడక కుదరని తమ్ముడు అక్రమ్‌ను తానే తల్లియై పెంచారు. ఒక చేత్తో తమ్ముణ్ణి జోకొడుతూ మరో చేత్తో పుస్తకం పట్టుకుని చదువుకున్న ఆ బాలిక, ఏలూరులోనే నర్సింగ్ శిక్షణ ముగించి, మెట్ట ప్రాంతమైన కామవరపుకోటలో స్టాఫ్ నర్సుగా ఉద్యోగజీవితం ఆరంభించారు. నర్సు చేతికి ఎంత శిక్షణ అవసరమో నోటికీ అంత అవసరమన్న అభిప్రాయం తనకు అక్కడే కలిగిందని ఆవిడ చెప్పేవారు. పురుటి నొప్పులతో ట్రాక్టరు మీద వచ్చిన స్త్రీని కసురుకునే నోటినీ, అదే స్త్రీని ఒక్క మాటతో కుదుటపరిచే నోటినీ ఆవిడ ఒకే వార్డులో విన్నారు.

మన కళాశాలకు వచ్చాక, భర్త ఖాదర్ గారి ప్రోత్సాహంతో, నలభయ్యో పడిలో విశాఖపట్నం వెళ్లి ఎమ్మెస్సీ పూర్తిచేసి తిరిగి వచ్చారు. తరగతిలో కఠినంగా, హాస్టల్లో మృదువుగా, పరీక్షల సమయంలో నిష్పక్షపాతంగా వ్యవహరించే అధ్యాపకురాలిగా పేరు గడించారు. ఆవిడ చేత తిట్లు తినని విద్యార్థిని లేదు. జ్వరం వచ్చినప్పుడు ఆవిడ ఇంటి నుంచి గంజి అందుకోని విద్యార్థినీ లేదు.

రెండువేల ఇరవైలో మహమ్మారి కారణంగా ఆసుపత్రులు విద్యార్థినులను లోనికి రానివ్వని పరిస్థితి ఏర్పడినప్పుడు, రోగితో మాట్లాడడం అనే విద్యను రోగి లేకుండా నేర్పవలసిన అవసరం వచ్చిపడింది. సాబిరా గారు ఆన్‌లైన్ సిమ్యులేషన్ అనే పద్ధతిని చదివి, తెలుసుకుని, నన్ను వెంటబెట్టుకుని మొదలుపెట్టారు. ఉంగుటూరులోనో కైకలూరులోనో తన ఇంట్లో కూర్చున్న విద్యార్థిని వీడియో కాల్‌లోకి వస్తుంది; ఇవతల రోగిగానో, రోగి బంధువుగానో నటించే మనిషి ఉంటారు; విద్యార్థిని నర్సుగా మాట్లాడుతుంది; ఆవిడ గమనించి మార్కులు వేస్తారు. నటించడానికి తొలిరోజుల్లో ఎవరూ దొరక్క ఆవిడే నటించేవారు. తలకు తువ్వాలు చుట్టి దగ్గుతూ కూర్చుంటే ఆయాసంతో వచ్చిన ముసలమ్మ, సుబ్బాయమ్మ. ఆ సుబ్బాయమ్మను ఓదార్చిన ఒక అమ్మాయి, మర్నాడు నాకు ఫోన్ చేసి, "సార్, నిన్నటి పెద్దావిడకి ఎలా ఉందండీ, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగింది. ఆ మాట సాబిరా గారికి చెబితే పొట్ట పట్టుకుని నవ్వి, ఆ వెంటనే, "ఆ పిల్ల మంచి నర్సవుతుందండీ" అన్నారు.

ఆ పాఠాలలో అత్యంత ప్రశస్తి పొందినది, మరణవార్త చెప్పడం ఎలా అన్న పాఠం. ముందు పేరు చెప్పుకోవాలి, కూర్చోమనాలి, ఏం తెలుసో అడగాలి, బాధాకరమైన విషయమని హెచ్చరించాలి, స్పష్టంగా చెప్పాలి, తరువాత "మీ బాధ నాకు అర్థమవుతోందండి" అనాలి. ప్రతి మెట్టుకూ మార్కులు, ప్రతి మెట్టుకూ ఆవిడ స్వయంగా కూర్చిన వాక్యం. చుట్టుపక్కల కళాశాలలు ఆ వీడియోలు అడిగి తీసుకెళ్లాయి. మన కళాశాల పరిచయ పత్రంలో మొదటి పుటలోనే ఆ పాఠం గురించి వేసుకున్నాం. ఆ పాఠంలో పూర్తి మార్కులు సాధించిన విద్యార్థిని దేవి. కొల్లేటి లంక గ్రామంలో చేపల చెరువుల మీద పనిచేసుకునే కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి. సాబిరా గారు బిడ్డను కోల్పోయిన తల్లిగా నటించగా, దేవి నర్సుగా మాట్లాడిన వీడియోనే తరువాతి తరగతులన్నిటికీ ఆదర్శంగా చూపించేవాళ్లం.

సాధారణంగా ఇటువంటి వ్యాసం ఇక్కడి నుంచి పురస్కారాల వైపు, ప్రశంసల వైపు సాగాలి. కానీ నేను రాయబోతున్నానని తెలిసినప్పుడు సాబిరా గారు నన్ను పిలిచి, "నా గురించి రాస్తే దేవి సంగతి రాయండి హేమంత్ గారూ. అది లేకుండా రాసేట్టయితే అసలు రాయొద్దు" అన్నారు. సంచిక బాధ్యులు మొహమాటపడ్డారు, నేనూ మొహమాటపడ్డాను. ఆవిడ పడలేదు. కనుక జరిగింది జరిగినట్లు విన్నవిస్తున్నాను.

రెండువేల ఇరవై రెండు నవంబరులో ఒక మధ్యాహ్నం, ల్యాబులో సిమ్యులేషన్ జరుగుతుండగా ఆవిడకు ఫోన్ వచ్చింది. తమ్ముడు అక్రమ్ అప్పటికి ఆకివీడు పరిసరాల్లో, రొయ్యల చెరువుల్లో నీటిని చిలికే ఏరేటర్ల మోటార్లు బాగుచేసే మెకానిక్కుగా స్థిరపడ్డారు. చెరువు గట్టు మీద పనిచేస్తూనే గుండె పట్టుకుని కూలిపోయారని, ఆకివీడులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారని ఎవరో చెప్పారు. నా కారులో గణపవరం మీదుగా బయలుదేరాం. దారంతా ఆవిడ ఒకే మాట అన్నారు. "కొంచెం తొందరగా పోనివ్వండి హేమంత్ గారూ."

మేం వరండాలోకి అడుగుపెట్టేసరికి ఎదురుగా వచ్చిన నర్సు దేవి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సాబిరా గారిని చూసి ఒక్క క్షణం ఆగి, నిటారుగా నిలబడి, చేతులు కట్టుకుంది.

"నమస్కారమండి. నా పేరు దేవి. ఈ వార్డులో స్టాఫ్ నర్సునండి" అంది.

తనకు చదువు చెప్పిన మనిషికే తన పేరు చెప్పుకుంది.

"వాడెక్కడమ్మా?" అన్నారు సాబిరా గారు.

"కూర్చోండి మేడమ్. అక్రమ్ గారి పరిస్థితి గురించి మీకు ఇంతవరకూ ఏం తెలుసండి?"

"దేవీ, వాడెక్కడ?"

"మీకు ఒక బాధాకరమైన విషయం చెప్పాల్సి ఉందండి. అక్రమ్ గారు కొద్దిసేపటి క్రితం చనిపోయారండి. మీ బాధ నాకు అర్థమవుతోందండి."

ఆ అమ్మాయి గొంతు వణుకుతూనే ఉంది. కానీ మాట ఒక్కటి కూడా జారలేదు. వీడియోలో ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో వచ్చాయి. సాబిరా గారి ముఖం ఎలా మారిందో నేను చూశాను.

"ఏం అర్థమైంది నీకు?" అన్నారు. "నేను రాసిచ్చిన ముక్కలు నాకే అప్పజెబుతున్నావా? మనిషి పోయాడు అక్కడ. మార్కులు వెయ్యమంటావా నన్ను? నువ్వు నర్సువి కాదు. తప్పుకో."

వరండాలో ఉన్న రోగులు, వాళ్ల తాలూకు మనుషులు, తక్కిన నర్సులు అందరూ మా వైపే చూశారు. దేవి ఏదో చెప్పబోయి చెయ్యి ముందుకు చాపింది. సాబిరా గారు ఆ చేతిని తోసేసి లోపలికి వెళ్లిపోయారు. కాసేపటికి ఆసుపత్రి మేనేజరు వచ్చి, "క్షమించండి మేడమ్, ఆ అమ్మాయి సంగతి మేం చూసుకుంటామండి" అన్నాడు. ఆవిడ విన్నారు. ఔననలేదు, వద్దనీ అనలేదు.

సంతాప దినాలు గడిచాక ఆవిడ విధుల్లో చేరారు. కొత్త తరగతికి ఆ పాఠం చెప్పవలసిన రోజు వచ్చింది. ఎప్పటిలాగే నేను దేవి వీడియో పెట్టాను. తెర మీద దేవి, "మీ బాధ నాకు అర్థమవుతోందండి" అంది. తెర మీదే బిడ్డను పోగొట్టుకున్న తల్లి, అంటే సాబిరా గారు, ఆ మాటకు ఊరట పొందినట్టు తలాడించి కళ్లు తుడుచుకున్నారు. గదిలో పిల్లలు ఆ వాక్యాన్ని రాసుకుంటున్నారు. ఆవిడ లేచి వచ్చి, "ఆపెయ్యండి" అన్నారు. పిల్లల్ని పంపించేశారు. చాలాసేపు ఖాళీ గదిలో కూర్చుని, దేవి తోటి విద్యార్థిని, అదే ఆసుపత్రిలో పనిచేస్తున్న ఇందుజకు ఫోన్ చేశారు. స్పీకరు పెట్టి ఉంది గనుక నాకూ వినపడింది.

"దేవి ఇప్పుడు ఇక్కడ లేదండీ మేడమ్. ఆ రోజు తర్వాత వార్డులోంచి తీసేసి మందుల స్టోర్‌లో కూర్చోబెట్టారండి. తర్వాత తనే మానేసింది. చేపల ప్యాకింగ్‌కి వెళ్తోందంటండి."

"ఎందుకు తీసేశారమ్మా?"

"కంప్లయింట్ వచ్చిందన్నారండి."

"ఎవరిచ్చారు?"

ఇందుజ గొంతు తగ్గించింది. "మీరేనని అన్నారండి అందరూ."

ఆ ఆదివారం ఉదయం సాబిరా గారిని నేనే దేవి ఊరికి తీసుకెళ్లాను. రెండు వైపులా చెరువులు, మధ్యలో కారు మాత్రమే పట్టే గట్టు. దేవి ఇల్లు గట్టు దిగువన ఉంది. తల్లి మరిడమ్మ గారు మమ్మల్ని చూసి కంగారుగా కుర్చీలు తెచ్చి వేశారు. కూర్చోకముందే చేతులు జోడించారు.

"మేడమ్ గారా అండి. మా పిల్ల ఏదో తప్పు చేసిందంటగా అండి. ఏం తప్పో అడిగితే చెప్పదండి. చిన్నపిల్ల. మీరు మనసులో పెట్టుకోకండి."

ఆ మాటలు విన్నాక సాబిరా గారు కుర్చీలో కూర్చోలేకపోయారు. నిలబడే, "తప్పు మీ అమ్మాయిది కాదండి, నాది. అది చెప్పడానికే వచ్చాను" అన్నారు. మరిడమ్మ గారికి అది అర్థమైనట్టు లేదు. "అదేంటండీ, మీరు పాఠం చెప్పిన వారు" అని టీ పెట్టడానికి లోపలికి వెళ్లారు.

ప్యాకింగ్ పని నుంచి దేవి వచ్చింది. మంచులో నానిన వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. సాబిరా గారిని చూసి గుమ్మం బయటే ఆగిపోయింది.

"దేవీ, నేను ఆ రోజు అన్న మాటలు అనకూడనివి. పదిమందిలో అన్నాను. మీ మేనేజరు నీ సంగతి చూసుకుంటానంటే నోరు మూసుకుని ఊరుకున్నాను. అది అంతకంటే తప్పు. నాకు సిగ్గుగా ఉందమ్మా."

"అయ్యో, అలా అనకండి మేడమ్. నాకే సిగ్గుగా ఉందండి" అంది దేవి. తల ఎత్తకుండానే, "ఆ రోజు మీకు ఇంకోటి చెప్పాలనుకున్నానండి. ముందు అవన్నీ వరసగా చెప్పేశాక చెబుదామనుకున్నాను" అంది.

"ఇప్పుడు చెప్పు."

"అక్రమ్ గారి దగ్గర చివరిదాకా నేనే ఉన్నానండి. చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఆయన ఆపా, ఆపా అంటున్నారండి. ఆక్సిజన్ మాస్క్ ఆపెయ్యమంటున్నారనుకున్నాను. ఆపకూడదండి, కొంచెం ఓర్చుకోండి అన్నాను. నా వైపు చూసి మళ్లీ అదే అన్నారు. నేనూ మళ్లీ అదే చెప్పాను. ఎలాగూ బతకని మనిషికి ఒక్క నిమిషం ఆ మాస్క్ తీసి ఉంటే హాయిగా ఉండేదేమోనండి. ఇప్పటికీ అదే అనిపిస్తోంది."

అసలు సంగతి చెబితే ఈ పిల్లకు ఒక బరువు తగ్గి మరో బరువు పెరుగుతుందని ఆ క్షణంలో తాను తటపటాయించినట్టు, తరువాత కారులో సాబిరా గారు నాతో అన్నారు. చివరికి వెళ్లి ఆ చల్లని వేళ్లు పట్టుకున్నారు.

"మాస్క్ గురించి కాదమ్మా. మా ఇళ్లల్లో అక్కని ఆపా అని పిలుస్తాం. వాడు నన్ను పిలిచాడు."

దేవి కళ్లు పెద్దవయ్యాయి. రెండో చేత్తో నోరు మూసుకుంది. "నేను అడగలేదండి" అంది. "ఏమంటున్నారండీ అని ఒక్కసారి అడగలేదు."

"అడగమని నేను నేర్పలేదు. నువ్వేం మాట్లాడాలో అంతా నేర్పాను. వాళ్లు మాట్లాడేది వినమని ఎక్కడా చెప్పలేదు, దానికి ఒక్క మార్కు కూడా పెట్టలేదు." ఆవిడ ఆ వేళ్లు వదల్లేదు. "వాడు పిలిచినప్పుడు నేను లేను. నువ్వు పలికావు. నీ చెయ్యే నా చెయ్యి అనుకుని ఉంటాడు. ఆ మాట చెప్పడానికి వచ్చిన పిల్లని నేను తోసేశాను."

మరిడమ్మ గారు టీ గ్లాసులతో వచ్చి, ఇద్దరూ ఏడుస్తుండడం చూసి, గ్లాసులు అరుగు మీద పెట్టి కూతురి పక్కన కూర్చున్నారు.

మర్నాడే సాబిరా గారు దేవినీ నన్నూ వెంటబెట్టుకుని ఆ ఆసుపత్రికి వెళ్లారు. మేనేజరు తన గదిలో కూర్చోమంటే వద్దని, అదే వరండాలో నర్సులందరినీ పిలిపించమన్నారు. "ఇప్పుడెందుకండీ మేడమ్, అయిపోయిందిగా" అన్నాడాయన ఇబ్బందిగా. "నేను తిట్టింది ఇక్కడండి" అన్నారు ఆవిడ. ఆ అమ్మాయి తప్పేమీ లేదని, తాను నేర్పినట్టే చేసిందని, తన తమ్ముడు ఒంటరిగా పోకుండా చూసిందని అందరి ఎదుటా చెప్పి, ఆ అమ్మాయికి చేతులు జోడించారు. మాట పూర్తయ్యేసరికి ముఖం కందిపోయి, కొంగుతో ముఖం కప్పుకున్నారు. ఆసుపత్రి వారు దేవిని తిరిగి వార్డులోకి రమ్మన్నారు. "నాకు మళ్లీ ఇక్కడ నోరు పెగలదేమోనండి" అని ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. క్షమాపణతో అన్నీ చక్కబడతాయని అనుకున్న మేమిద్దరమూ ఆ అమ్మాయిని మళ్లీ ఆ గట్టు మీదే దింపి వెనుదిరిగాం.

తరువాతి అధ్యాపకుల సమావేశంలో సాబిరా గారు తన పేరుప్రతిష్ఠలకు కారణమైన ఆ పాఠాన్ని రద్దు చేయాలని ప్రతిపాదించారు. మనలో చాలామందికి అది రుచించలేదు. పరిచయ పత్రంలో అచ్చయిన పాఠమని, తనిఖీకి వచ్చినవారు మెచ్చుకున్నారని, ఉత్తీర్ణత తగ్గుతుందని అభ్యంతరాలు వచ్చాయి. ఆవిడ అన్నీ విని, తమ్ముడి మరణం దగ్గర జరిగినదంతా, తాను తోసేసిన చెయ్యితో సహా, సమావేశంలో చెప్పారు. ఆ తరువాత ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. వీడియోలు తీసుకెళ్లిన కళాశాలలన్నిటికీ ఆవిడే ఫోన్ చేసి, "అవి ఇంక చూపించకండి, నా పాఠంలో లోపముందండి" అని చెప్పుకున్నారు. పక్క గదిలో ఉండి ఆ ఫోన్లు వినడం నాకు కష్టంగా ఉండేది. అవతలివారు ఎందుకని అడిగిన ప్రతిసారీ ఆవిడ మొదటి నుంచీ చెప్పేవారు.

కొత్త పాఠాన్ని ఆవిడ దేవిని అడిగి తయారుచేశారు. దేవి తన ఇంట్లోంచే వీడియో కాల్‌లోకి వచ్చి రోగిగా నటించేది. కొల్లేటి లంకల మాటలు మాట్లాడేది. తనకు వచ్చిన బెంగలు, భయాలు అన్నీ ఆ రోగుల నోట పలికించేది. మధ్యలో విద్యార్థినికి అర్థం కాని మాట ఒకటి తప్పక వస్తుంది. దాన్ని అడిగి తెలుసుకోకుండా తన వాక్యాలు తాను అప్పజెప్పిన వారికి ఆ పాఠంలో ఉత్తీర్ణత లేదు. మొదటి ఏడాది సగానికి పైగా తప్పారు. కొందరు తల్లిదండ్రులు వచ్చి గొడవపడ్డారు. సాబిరా గారు వాళ్లకు ఓపిగ్గా జవాబు చెప్పారు గానీ మార్కులు మార్చలేదు. అలా పది మందికి పాఠం చెబుతూ చెబుతూ దేవికి మళ్లీ ధైర్యం చిక్కింది. ప్రస్తుతం ఏలూరులో ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తోంది. సెలవు రోజుల్లో ఇప్పటికీ మన విద్యార్థినులకు రోగిగా కనిపిస్తోంది.

ఈ వ్యాసం చిత్తుప్రతిని మర్యాద కొద్దీ సాబిరా గారికి చదివి వినిపించాను. దేవి ప్రస్తావన వచ్చిన చోటల్లా తల దించుకున్నారు గానీ ఒక్క అక్షరం తగ్గించమనలేదు. ఇన్నేళ్లయినా ఆ సిగ్గు తగ్గలేదా మేడమ్ అని అడిగాను. "తగ్గలేదండీ. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు అది పక్కనే ఉంటే మంచిదే" అన్నారు. చివరి వాక్యంగా, ఇటువంటి సంచికల్లో మనం ఆనవాయితీగా వేసే మాటనే, "ఏ చింతా లేని శేషజీవితం గడపాలని కోరుకుంటూ" అని రాసుకున్నాను. "ఆ ఒక్క ముక్కా తీసెయ్యండి హేమంత్ గారూ, ఆరోగ్యం బాగుండాలని రాయండి చాలు" అన్నారు.

తీసేశాను. కనుక, మనందరి తరఫునా, ఖాదర్ గారి తోడుగా ఏలూరు ఇంటికి వెళుతున్న సాబిరా గారికి నొప్పి లేని మోకాళ్లనూ, అద్దాల అవసరం పెరగని చూపునూ, కంటినిండా నిద్రనూ, ఏ ఒక్క ముఖాన్నీ మరచిపోని జ్ఞాపకశక్తినీ, వాటన్నిటితో నిండు నూరేళ్ల ఆయుష్షునూ భగవంతుడు ప్రసాదించాలని వినమ్రంగా ప్రార్థిస్తున్నాను.

— హేమంత్‌కుమార్, కంప్యూటర్ విభాగం